సిమోనే ఫరీనా

సిమోనే ఫరీనా (జననం: 1982, రోమ్) ఇటలీ దేశానికి చెందిన మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. రక్షణ పంక్తిలో ఆడిన ఇతడు తన క్రీడాజీవితంలో అధికభాగం ఇటలీ ఫుట్‌బాల్ కింది డివిజన్లలోనే గడిపాడు. అగ్రశ్రేణి అయిన సెరీ ఆలో పేరు తెచ్చుకోకపోయినా, 2011లో ఒక మ్యాచ్‌ను ఓడిపోవడానికి ఇవ్వజూపిన 2 లక్షల యూరోల లంచాన్ని తిరస్కరించి, ఆ విషయాన్ని అధికారులకు తెలియజేయడం వలన ప్రపంచవ్యాప్తంగా ప్రసిద్ధి పొందాడు. ఆ వాంగ్మూలం క్రెమోనా నగరంలో అప్పటికే సాగుతున్న మ్యాచ్ ఫిక్సింగ్ దర్యాప్తుకు కొత్త ఊపునిచ్చింది. 2012 జనవరిలో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య (ఫీఫా) ఇతడిని గౌరవించింది. అయితే అదే సంవత్సరం ముగిసేలోగా, 30 ఏళ్ళ వయసులో, ఇతడి క్రీడాజీవితం ఇటలీలో ముగిసిపోయింది. నిజం చెప్పిన ఆటగాడికి క్రీడారంగం ఏమి ఇచ్చింది, ఏమి ఇవ్వలేకపోయింది అన్న చర్చలో ఇతడి పేరు తరచుగా ప్రస్తావనకు వస్తుంది.

ఇటలీ ఫుట్‌బాల్ అమరిక

ఫరీనా ఉదంతాన్ని అర్థం చేసుకోవడానికి ఇటలీ లీగుల అమరిక కొంత తెలియాలి. అన్నిటికంటే పైన ఉన్నది సెరీ ఆ. జువెంటస్, మిలాన్, ఇంటర్, రోమా వంటి సుప్రసిద్ధ జట్లు ఆడేది ఇందులోనే. టెలివిజన్ హక్కుల ఆదాయంలో సింహభాగం దీనికే చెందుతుంది. దీని కింద సెరీ బి, దాని కింద మూడవ శ్రేణి ఉంటాయి. 2008 నుండి 2014 వరకు మూడవ, నాలుగవ శ్రేణులను లేగా ప్రో ప్రీమా డివిజియోనే, సెకోండా డివిజియోనే అని పిలిచేవారు. 2014లో ఈ రెండింటినీ కలిపి ఒకే శ్రేణిగా మార్చారు. 2017లో దానికి సెరీ సి అన్న పాత పేరు తిరిగి వచ్చింది.

ప్రతి ఏడాది పై శ్రేణిలో చివరన నిలిచిన జట్లు కిందికి దిగుతాయి, కింది శ్రేణిలో గెలిచినవి పైకి వెళ్తాయి. చిన్న పట్టణాల జట్లు మూడవ, నాలుగవ శ్రేణుల మధ్య దశాబ్దాల తరబడి తిరుగుతూ ఉంటాయి. ఈ శ్రేణులలో ఆడేవారు కూడా వృత్తి ఆటగాళ్ళే. కాని వారి జీతాలకు, సెరీ ఆ తారల జీతాలకు పోలికే లేదు. ఒప్పందాలు తరచుగా ఒకటి రెండు ఏళ్ళకే పరిమితమవుతాయి. కొన్ని క్లబ్బులు జీతాలు సకాలంలో చెల్లించలేకపోవడం, దివాలా తీసి మూతబడడం ఇటలీలో కొత్త విషయం కాదు. ఫరీనా తన వృత్తిజీవితంలో అధికభాగం గడిపిన ప్రపంచం ఇది.

క్రీడాజీవితం

ఫరీనా రోమా క్లబ్బు యువజట్టులో శిక్షణ పొందాడు. పెద్ద క్లబ్బుల యువజట్లలో తయారయ్యే ఆటగాళ్ళలో కొద్దిమందికి మాత్రమే ప్రధాన జట్టులో చోటు దొరుకుతుంది. మిగిలినవారు కింది శ్రేణుల క్లబ్బులకు వెళ్ళి స్థిరపడతారు. ఫరీనా కూడా అదే దారిలో నడిచి, కింది డివిజన్ల క్లబ్బులలో ఆడిన తరువాత 2007లో గుబ్బియో జట్టులో చేరాడు.

గుబ్బియో మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో, పెరూజా రాష్ట్రంలో కొండవాలున ఉన్న ప్రాచీన పట్టణం. జనాభా సుమారు 30 వేలు. ఏటా మే 15న సెయింట్ ఉబాల్డో గౌరవార్థం పెద్ద చెక్క స్తంభాలను భుజాల మీద మోస్తూ కొండపైకి పరుగెత్తే చేరి ఉత్సవానికి ఈ ఊరు పేరొందింది. ఫుట్‌బాల్ క్లబ్బు 1910లో స్థాపించబడింది. 1947–48లో ఒక్కసారి సెరీ బిలో ఆడిన తరువాత ఈ జట్టు ఆరు దశాబ్దాలకు పైగా ఆ స్థాయికి చేరుకోలేదు.

ఫరీనా ఆడిన కాలంలోనే గుబ్బియో దశ తిరిగింది. విన్చెంజో టొరెంటే శిక్షణలో 2009–10లో ప్లేఆఫ్ ద్వారా నాలుగవ శ్రేణి నుండి మూడవ శ్రేణికి, మరుసటి ఏడాది 2010–11లో తన విభాగంలో ప్రథమ స్థానం సాధించి సెరీ బికి చేరింది. వరుసగా రెండేళ్ళలో రెండు మెట్లు ఎక్కడం అంత చిన్న క్లబ్బుకు అసాధారణ విజయం. రోమాలో దొరకని అవకాశం ఫరీనాకు గుబ్బియోలో, 29 ఏళ్ళ వయసులో దొరికింది. లంచం ప్రతిపాదన వచ్చింది కూడా ఆ సీజన్‌లోనే.

క్రెమోనా దర్యాప్తు నేపథ్యం

2010 నవంబరు 14న మూడవ శ్రేణిలో క్రెమోనేసే, పగనేసే జట్ల మధ్య మ్యాచ్ జరిగింది. ఆట ముగిసిన తరువాత క్రెమోనేసే ఆటగాళ్ళలో కొందరు అస్వస్థతకు లోనయ్యారు. ఇంటికి వెళ్తూ ఒకరు కారు ప్రమాదానికి గురయ్యారు. పరీక్షలలో వారి శరీరంలో నిద్రమత్తు కలిగించే మందు ఆనవాళ్ళు కనిపించాయి. క్లబ్బు ఫిర్యాదు చేయగా క్రెమోనా ప్రాసిక్యూటర్ రొబెర్టో ది మార్తీనో దర్యాప్తు చేపట్టాడు.

ఆటగాళ్ళ పానీయంలో మందు ఎవరు కలిపారన్న ప్రశ్నతో మొదలైన దర్యాప్తు టెలిఫోన్ సంభాషణల పరిశీలన ద్వారా బెట్టింగు ముఠాల వరకు వెళ్ళింది. 2011 జూన్ 1న మొదటి విడత అరెస్టులు జరిగాయి. ఇటలీ జాతీయ జట్టుకు ఆడిన జూసెప్పే సిన్యోరి కూడా అప్పుడు అరెస్టయిన వారిలో ఉన్నాడు. సింగపూర్‌కు చెందిన ఒక ముఠా పెట్టుబడి పెట్టగా, తూర్పు ఐరోపాకు చెందిన మరొక ముఠా ఇటలీలో ఆటగాళ్ళను కలుసుకొని డబ్బు పంచేదని ప్రాసిక్యూటర్లు ఆరోపించారు.

అయితే ఇటువంటి కేసులలో నేరాన్ని రుజువు చేయడం కష్టం. గోల్‌కీపర్ బంతిని జారవిడవడం, రక్షకుడు ప్రత్యర్థిని ఒక అడుగు ఆలస్యంగా చేరడం ప్రతి మ్యాచ్‌లోనూ జరిగేవే. అది పొరపాటో, అమ్ముడుపోవడమో చిత్రాలను చూసి తేల్చలేరు. కాబట్టి డబ్బు ఇవ్వజూపిన సంభాషణను స్వయంగా విన్న సాక్షి దొరకడమే దర్యాప్తుకు అన్నిటికంటే ముఖ్యం. అంతవరకు మాట్లాడినవారిలో చాలామంది తామే నిందితులై, శిక్ష తగ్గించుకోవడానికి నోరు విప్పినవారు. ఏ తప్పూ చేయకుండా, ఎవరూ అడగకుండా, తనంతట తాను వచ్చి చెప్పినవాడు ఫరీనా.

లంచం ప్రతిపాదన

2011 నవంబరు 30న ఇటలీ కప్పు పోటీలలో భాగంగా అప్పటి సెరీ ఆ జట్టు చెజేనాతో గుబ్బియో తలపడవలసి ఉంది. ఈ మ్యాచ్‌కు ముందు అలెస్సాండ్రో జాంపెరీని అనే మాజీ ఆటగాడు ఫరీనాను కలిశాడు. రోమా యువజట్టులో ఇద్దరూ కలిసి ఆడినవారు. గుబ్బియో నిర్ణీత రీతిలో ఓడిపోతే ఫరీనాకు, అతడు కూడగట్టే సహచరులకు కలిపి 2 లక్షల యూరోలు ముట్టజెప్పుతామని ప్రతిపాదన వచ్చింది. ఫరీనా దానిని తిరస్కరించి, జరిగినది అధికారులకు తెలియజేశాడు. ఆ సమాచారం క్రెమోనా ప్రాసిక్యూటర్లకు చేరింది.

2011 డిసెంబరు 19న రెండవ విడత అరెస్టులు జరిగాయి. మొత్తం 17 మందిపై వారంట్లు జారీ కాగా, వారిలో జాంపెరీని, అటలాంటా జట్టు నాయకునిగా సుప్రసిద్ధుడైన క్రిస్టియానో దోని ఉన్నారు. ఫరీనా పేరు పత్రికలకెక్కింది ఆ రోజునే.

ఈ ప్రతిపాదనలో మూడు అంశాలు గమనించదగినవి. మొదటిది, ఎన్నుకున్న మ్యాచ్. సెరీ బి జట్టు సెరీ ఆ జట్టు మైదానంలో ఓడిపోతే ఎవరూ ఆశ్చర్యపడరు. ఆ ఓటమి వలన గుబ్బియో లీగు స్థానానికి నష్టం కూడా లేదు. రెండవది, ఎన్నుకున్న ఆటగాడి స్థానం. గోల్స్ చేయడం ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండదు కాని, గోల్స్ పడనివ్వడం రక్షకుల, గోల్‌కీపర్ చేతిలో చాలావరకు ఉంటుంది. అందుచేతనే మ్యాచ్‌లో ఇన్ని గోల్స్ కంటే ఎక్కువ నమోదవుతాయని కాసే పందేలకు ముఠాలు ఎక్కువగా వీరినే ఆశ్రయిస్తాయి. మూడవది, ప్రతిపాదన తెచ్చిన వ్యక్తి. వచ్చినవాడు అపరిచితుడు కాదు, కౌమారంలో కలిసి ఆడిన మిత్రుడు. ఫిర్యాదు చేయడమంటే ఆ మిత్రుడిని జైలుకు పంపడమే. డబ్బును నిరాకరించడం కంటే ఈ రెండవ నిర్ణయమే కష్టమైనదని భావించవచ్చును.

గౌరవాలు

ఫీఫా అప్పటి అధ్యక్షుడు సెప్ బ్లాటర్ ఆహ్వానంపై ఫరీనా 2012 జనవరి 9న జ్యూరిక్‌లో జరిగిన బాలన్ డోర్ ప్రదానోత్సవానికి హాజరయ్యాడు. ఆ సంవత్సరపు ఉత్తమ ఆటగాడిగా లియోనెల్ మెస్సీ పురస్కారం అందుకున్న వేదిక అది. ఇటలీ రెండవ డివిజన్‌కు చెందిన ఒక రక్షకుడిని అక్కడ సగౌరవంగా పరిచయం చేశారు. ఫీఫా ఇతడిని నిజాయితీ ఆటకు రాయబారిగా ప్రకటించింది. ఇటలీ జాతీయ జట్టు శిక్షకుడు చేజరే ప్రాండెల్లి కూడా ఇతడిని జాతీయ జట్టు శిక్షణ శిబిరానికి ఆహ్వానించాడు. ఇది పోటీలో ఆడించడానికి కాక, గౌరవసూచకంగా ఇచ్చిన ఆహ్వానం.

ఈ గౌరవాలకు తరువాతి చరిత్ర ఒక వింత ముగింపునిచ్చింది. ఫరీనాను సత్కరించిన బ్లాటర్‌ను 2015 డిసెంబరులో ఫీఫా నైతిక విలువల సంఘమే 8 ఏళ్ళ పాటు ఫుట్‌బాల్ కార్యకలాపాల నుండి నిషేధించింది. ఆ నిషేధాన్ని తరువాత 6 ఏళ్ళకు తగ్గించారు. అదే వ్యవహారంపై స్విట్జర్లాండ్ న్యాయస్థానాలు 2022లోను, అప్పీలుపై 2025లోను అతడిని నిర్దోషిగా ప్రకటించాయి.

ఇటలీలో క్రీడాజీవితం ముగింపు

2011–12 సీజన్ గుబ్బియోకు కలిసిరాలేదు. జట్టు ఒక్క ఏడాదిలోనే సెరీ బి నుండి తిరిగి మూడవ శ్రేణికి దిగిపోయింది. 2012 వేసవిలో ఫరీనా క్లబ్బును విడిచిపెట్టాడు. ఆ తరువాత ఇటలీలో ఏ క్లబ్బులోనూ ఆడలేదు. 2012 సెప్టెంబరులో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరానికి చెందిన ఆస్టన్ విల్లా క్లబ్బు ఇతడికి సామాజిక శిక్షకునిగా ఉద్యోగమిచ్చింది. ఆ ప్రాంతపు బాలబాలికలకు ఆటతోపాటు నిజాయితీగా ఆడవలసిన అవసరాన్ని బోధించడం ఇతడి పని.

ఫరీనాను ఇటలీ ఫుట్‌బాల్ వెలివేసిందా అన్న ప్రశ్నపై భిన్నాభిప్రాయాలున్నాయి. సత్కారాలు చేసిన దేశంలో ఒక్క ఒప్పందం కూడా దొరకకపోవడం యాదృచ్ఛికం కాదని, జట్టులోని మాటలు బయటికి చెప్పినవాడిని తోటి ఆటగాళ్ళు, క్లబ్బులు అనుమానంతో చూస్తారని ఒక వాదన. 30 ఏళ్ళు నిండిన, కిందికి దిగిపోయిన జట్టుకు చెందిన రక్షకుడికి ఒప్పందం దొరకకపోవడం ఆ శ్రేణులలో సాధారణమేనని మరొక వాదన. ఏ క్లబ్బూ తాను ఫలానా కారణం వలన ఒక ఆటగాడిని తీసుకోలేదని రాతపూర్వకంగా చెప్పదు. కనుక మొదటి వాదనను రుజువు చేయడం గాని, పూర్తిగా కొట్టివేయడం గాని సాధ్యం కాదు. ఇటువంటి సందర్భాలలో నష్టపోయిన వ్యక్తికి ఉండే ముఖ్యమైన ఇబ్బంది కూడా ఇదే.

ఫాబియో పిసాకానేతో పోలిక

ఇదే కాలంలో ఇదే విధంగా ప్రవర్తించిన మరొక రక్షకుడు ఫాబియో పిసాకానే. 1986లో నేపుల్స్‌లో జన్మించిన ఇతడు జెనోవా యువజట్టులో ఉండగా, 14 ఏళ్ళ వయసులో గిల్లెన్–బారే అనే నరాల వ్యాధికి గురై, కోమాలోకి వెళ్ళి కోలుకొని తిరిగి ఆడాడు. 2011లో మూడవ శ్రేణి జట్టు లుమెజ్జానేకు ఆడుతుండగా, రవెన్నాతో జరగవలసిన మ్యాచ్‌ను ఓడిపోవడానికి ఇవ్వజూపిన 50 వేల యూరోలను తిరస్కరించి ఫిర్యాదు చేశాడు. ఫీఫా గౌరవం, ప్రాండెల్లి ఆహ్వానం ఇతడికి కూడా లభించాయి.

పిసాకానే ఆట మాత్రం ఆగలేదు. తెర్నానా, అవెల్లీనో జట్లలో ఆడిన తరువాత 2015లో కాలియారిలో చేరి, ఆ జట్టు 2015–16లో సెరీ బి గెలవడంలో పాలుపంచుకున్నాడు. 2016 సెప్టెంబరు 18న అటలాంటాపై ఆడి, 30 ఏళ్ళ వయసులో సెరీ ఆలో ప్రవేశించాడు. ఆ సంవత్సరం బ్రిటిష్ దినపత్రిక ది గార్డియన్ ఇతడిని తన తొలి ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారుని పురస్కారానికి ఎంపిక చేసింది. 2025లో కాలియారి ప్రధాన శిక్షకునిగా నియమితుడయ్యాడు.

ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, నిజం చెప్పినవారికి ఇటలీ ఫుట్‌బాల్‌లో తలుపులన్నీ మూసుకుపోయాయని అనడం సరికాదని తెలుస్తుంది. అయితే ఫిర్యాదు నాటికి పిసాకానే వయసు 25, ఫరీనా వయసు 29. ఒకరికి కోలుకొనే వ్యవధి ఉన్నది, మరొకరికి లేదు. ఆటగాడి భవిష్యత్తు అతడి వయసు మీద, శిక్షకుల అభిమానం మీద, అదృష్టం మీద ఆధారపడిందే గాని, అతడిని కాపాడే నియమం మీద ఆధారపడలేదు.

విశ్లేషణ

ఇటలీ సమాఖ్య నియమావళి ప్రకారం మ్యాచ్ ఫిక్సింగ్ గురించి తెలిసిన ఆటగాడు గాని, శిక్షకుడు గాని దానిని వెంటనే తెలియజేయాలి. తెలియజేయకపోవడం కూడా నేరమే. ఈ నియమం కింద శిక్ష పొందినవారిలో అత్యంత ప్రముఖుడు ఆంటోనియో కోంటే. సియేనా శిక్షకునిగా ఉన్నకాలంలో జరిగిన ఫిక్సింగ్ తెలిసి కూడా చెప్పలేదన్న అభియోగంపై 2012 ఆగస్టులో, జువెంటస్ శిక్షకునిగా ఉండగా, అతడికి 10 నెలల నిషేధం విధించారు. అక్టోబరులో దానిని 4 నెలలకు తగ్గించారు. అభియోగాన్ని అతడు మొదటినుండి ఖండించాడు. 2016లో క్రెమోనా న్యాయస్థానం క్రిమినల్ కేసులో అతడిని నిర్దోషిగా తేల్చింది.

ఆ విధంగా 2012లో ఇటలీలో ఒకేసారి రెండు దృశ్యాలు కనిపించాయి. చెప్పలేదన్న అభియోగం ఎదుర్కొన్న శిక్షకుడు నిషేధం ముగించుకొని తన పదవికి తిరిగి వచ్చాడు. చెప్పిన ఆటగాడు వేరే దేశంలో పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాడు. ఇద్దరి స్థాయి, సామర్థ్యం వేరు కాబట్టి ఈ పోలికను మరీ సాగదీయరాదు. కాని సామాన్య ఆటగాడు తన ముందున్న దారులను బేరీజు వేసుకొనేటప్పుడు చూసేది ఇటువంటి ఉదాహరణలనే. నియమావళి మౌనానికి శిక్షను నిర్ణయించింది గాని, మాట్లాడినవారి ఉపాధికి అప్పట్లో హామీ ఇవ్వలేదు.

కింది డివిజన్లే ఎందుకు గురి అవుతాయన్న దానికి కూడా ఫరీనా ఉదంతం జవాబు చూపుతుంది. జీతం తక్కువగాను, అనిశ్చితంగాను ఉన్నచోట లంచం విలువ పెరుగుతుంది. ప్రేక్షకులు, పత్రికల దృష్టి తక్కువగా ఉన్నచోట పట్టుబడే భయం తగ్గుతుంది. అయినా అంతర్జాల బెట్టింగు విస్తరించిన తరువాత ఆసియా మార్కెట్లలో ఈ చిన్న మ్యాచ్‌లపై కూడా పెద్ద మొత్తాలలో పందేలు కాయడం సాధ్యమైంది. 2013 ఫిబ్రవరిలో యూరోపోల్ ప్రకటించిన వివరాల ప్రకారం ఐరోపాలో 380 అనుమానాస్పద మ్యాచ్‌లు, 15 దేశాలలో 425 మంది అనుమానితులు బయటపడ్డారు. వాటిపై పందేల ద్వారా ముఠాలకు లభించిన లాభం 80 లక్షల యూరోలకు పైగా, పంచిన లంచాలు 20 లక్షల యూరోలకు పైగా ఉన్నట్లు లెక్కకట్టారు.

చట్టాలలో మార్పులు

ఇటలీలో క్రీడామోసాన్ని 1989 నాటి 401వ చట్టం నేరంగా పరిగణిస్తుంది. అందులో మొదట నిర్ణయించిన జైలుశిక్ష ఒక నెల నుండి ఒక ఏడాది మాత్రమే. 2014లో దానిని 2 నుండి 6 ఏళ్ళకు పెంచారు. అదే సంవత్సరం సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాకొలిన్‌లో ఐరోపా మండలి క్రీడాపోటీల తారుమారుపై ఒక ఒడంబడికను రూపొందించింది. ఇటలీ దానిని 2019లో ఆమోదించగా, అది ఆ ఏడాది సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది.

అక్రమాలను బయటపెట్టిన ఉద్యోగుల రక్షణకు ఇటలీ 2017లో ఒక చట్టం చేసింది. ఐరోపా సమాజపు 2019 ఆదేశానికి అనుగుణంగా 2023లో దానిని విస్తరించింది. ఫిర్యాదు చేసిన ఉద్యోగిని తొలగించడం, వేధించడం ఇవి నిషేధిస్తాయి. కాని ఒప్పందం ముగిసిన ఆటగాడిని మరొక క్లబ్బు తీసుకోకపోవడం తొలగింపు కిందకు రాదు. ఏటా రెండేళ్ళకొకసారి కొత్త ఉపాధి వెతుక్కోవలసిన వృత్తిలో ఇటువంటి రక్షణ కొంతవరకే పనిచేస్తుంది.

తరువాతి పరిణామాలు

క్రెమోనా కేసు సంవత్సరాల తరబడి సాగింది. 2012 మే 28న లాజియో నాయకుడు స్టెఫానో మౌరి అరెస్టు కాగా, అదే రోజున జాతీయ జట్టు శిబిరంలో సోదాలు జరిగాయి. డొమెనికో క్రిషితో ఐరోపా కప్పు జట్టులో స్థానం కోల్పోయాడు. అతడిపై ఆరోపణలు తరువాత నిలబడలేదు. మరుసటి రోజున అప్పటి ప్రధానమంత్రి మారియో మోంటి, ఫుట్‌బాల్‌ను రెండు మూడేళ్ళు నిలిపివేస్తే దేశానికి మేలేమోనని వ్యాఖ్యానించడం సంచలనం కలిగించింది. క్రీడా న్యాయస్థానాలు త్వరితగతిన నిషేధాలు విధించాయి గాని, క్రిమినల్ న్యాయస్థానాలలో అనేక అభియోగాలు కాలపరిమితి దాటి రద్దయ్యాయి. సిన్యోరి 2021లో రెండు వేర్వేరు విచారణలలో నిర్దోషిగా బయటపడగా, సమాఖ్య అతడిపై నిషేధాన్ని ఎత్తివేసింది. పదేళ్ళ పాటు అతడు మోసిన అపవాదు ఈ కేసుకు మరొక ముఖం.

సమస్య అంతటితో ముగియలేదు. 2015 మేలో కతన్జారో ప్రాసిక్యూటర్లు మూడవ, నాలుగవ శ్రేణులలో ఫిక్సింగ్ ఆరోపణలపై అనేకమందిని అరెస్టు చేశారు. అదే ఏడాది కతానియా క్లబ్బు వ్యవహారం బయటపడి, ఆ జట్టును శిక్షగా మూడవ శ్రేణికి దించారు. 2023లో నికోలో ఫజోలి, సాండ్రో తొనాలి నిషేధానికి గురయ్యారు. అయితే అది మ్యాచ్‌ను అమ్ముకున్నందుకు కాక, ఆటగాళ్ళకు నిషిద్ధమైన పందేలు కాసినందుకు విధించిన శిక్ష.

ఈ కేసులలో శిక్ష పడినవారి పేర్లు, తరువాత నిర్దోషులుగా తేలినవారి పేర్లు అనేకం ఉన్నాయి. తనంతట తానుగా ముందుకు వచ్చి ఫిర్యాదు చేసిన ఆటగాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. ఫరీనా పేరు ఇప్పటికీ గుర్తుండడానికి అతడి సాహసం ఒక కారణం కాగా, అతడిని అనుసరించినవారు అంత తక్కువగా ఉండడం మరొక కారణం.

ఇవి కూడా చూడండి

ఫాబియో పిసాకానే
గుబ్బియో
మ్యాచ్ ఫిక్సింగ్
సెరీ బి